సున్నం సారు చూసిన విదేశీ గోడలు

మా పట్టణంలో గోడలు తెల్లగా ఉంటాయని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, పురపాలక సంఘం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం. తీర్మానం అయ్యాక కూడా గోడలు మురికిగా ఉంటే అది గోడల తప్పవుతుంది కాబట్టి, వాటి మీద ఓ కన్నేసి ఉంచడానికి ఒక విభాగం ఉంది. ఆ విభాగానికి ఒక అధికారి ఉన్నాడు. కాగితాల మీద ఆయన హోదా గోడల పరిశుభ్రతాధికారి. జనం నోట్లో మాత్రం సున్నం సారు.

సున్నం సారు నిజాయితీపరుడు. ఆ మాట అందరూ అంటారు, అన్నాక నిట్టూరుస్తారు. గెలిచిన పార్టీ నినాదాన్నీ ఓడిన పార్టీ నినాదాన్నీ ఒకే బకెట్టు సున్నంతో కప్పేసిన మనిషి ఆయన. జుట్టు రాలకుండా కాపాడే నూనెలు, నెల తిరక్కుండా ఇంగ్లీషు నేర్పే బళ్లు, ‘నువ్వు లేనిదే నేను లేను’ అని ఎవరో ఎవరికో చేసుకున్న వాగ్దానాలు, అన్నీ ఆయన కుంచె కింద సమానమే. ఒకసారి ‘ఈ గోడ మీద రాయరాదు’ అని పురపాలక సంఘమే రాయించిన అక్షరాల ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాడు. అదీ రాతే కదా! సున్నం కొట్టించాడు. మరి రాయకూడదన్న సంగతి జనానికి తెలిసేదెలా? అక్కడొక మనిషిని నియమించి, వచ్చేపోయేవాళ్లకు నోటితో చెప్పించారు. ఆ మనిషికి విసుగు పుట్టి, వెనక్కి తిరిగి, గోడ మీద తన పేరు రాసుకున్నాడని అంటారు గానీ అందుకు రుజువు లేదు. సున్నం కొట్టేశారు.

సున్నం సారు భార్య పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ, బొగ్గు ముక్క దొరికితే చాలు, చెయ్యి ఊరుకోనిచ్చేది కాదట. పక్కింటి పిన్నిగారి ముక్కు, పాలాయన సైకిలు, దొడ్డిగోడ మీద కాకుల సభ, కంటబడిన ప్రతిదీ గీసేది. వాళ్ల నాన్న తిట్టేవాడే గానీ చెరిపేవాడు కాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ వంటింటి గోడ మీద ఒక కాకిని గీసింది. పొయ్యి మీద గిన్నెలో ఏముందో మెడ సాచి చూస్తున్న కాకి. సున్నం సారు ఆఫీసు నుంచి వచ్చి చూశాడు. కోప్పడలేదు. చొక్కా మార్చుకుని, బకెట్టు తెచ్చి, స్వహస్తాలతో సున్నం కొట్టాడు.

“ఊరికో రూలు, మనింటికో రూలా?” అన్నాడు.

“కాక్కి కూడా రూలేనా అండీ?”

“కాకి గోడ మీద వాలితే నాకేం అభ్యంతరం లేదు. గోడలో ఉండకూడదు. అంతే.”

ఈ ఉదంతం పనిమనిషి ద్వారా ఊళ్లోకి పాకి, ఆయన నిజాయితీకి తార్కాణంగా స్థిరపడిపోయింది. ఆవిడ అభిప్రాయాన్ని ఎవరూ సేకరించలేదు. ఆ తర్వాత ఆవిడ స్నానాలగది అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు వేలితో బొమ్మలు వేసుకునేది. అవి వాటంతట అవే మాయమవుతాయి కనుక విభాగం పరిధిలోకి రావు.

ఇలా ఉండగా, ఎంత మొండి రాతనైనా మరక మిగలకుండా కరిగించే ద్రావకం ఒకటి విదేశంలో తయారైందని తెలిసింది. దాన్ని అధ్యయనం చేసి రమ్మని సున్నం సారును పంపుతూ సంఘం ఉత్తర్వు వేసింది. ఆయన పని చూస్తాడు సరే, ఆయన చూస్తున్నాడో లేదో ఎవరు చూస్తారు? అందుకని చైర్మన్ గారు కూడా బయల్దేరారు. భార్యలు వెంట రావచ్చునని ఉత్తర్వు అడుగున ఒక వాక్యం ఉంది. తన భార్యకు విమానమంటే భయమనీ, ఆవిడ రావడం లేదనీ చైర్మన్ గారు ఎంతో బాధపడుతూ, ఈల వేసుకుంటూ చెప్పారు. సున్నం సారు భార్య మాత్రం పెట్టె సర్దుకుంది.

ఆ ద్రావకం తయారైన నగరంలో దిగి బసకు వెళుతుంటే మొదటి గోడ ఎదురైంది. ఆకాశమంత మేడ మీద, పైనుంచి కింది దాకా ఒక తిమింగలం. నాలుగో అంతస్తులో ఒక ఇంటి కిటికీ దాని కన్ను. ఆ కిటికీలో ఒక ముసలాయన పిండీ పిండకుండా తువ్వాలు ఆరేస్తున్నాడు. నీళ్లు గోడ వెంట కారుతుంటే తిమింగలం ఏడుస్తున్నట్టే ఉంది. దాని తర్వాత దుకాణాల షట్టర్లు, వంతెన స్తంభాలు, మెట్లు, చెత్తడబ్బాలు, ఖాళీ అన్నది లేదు. అంతటా మెలికలు తిరిగిన అక్షరాలు, నవ్వే నోళ్లు, రెక్కలున్న కుర్చీలు.

సున్నం సారుకు కళ్లు చెమర్చాయి. “ఈ ఊరికి నాథుడు లేడండీ,” అన్నాడు.

“సున్నం దొరకదేమో పాపం,” అన్నారు చైర్మన్ గారు. “మన దగ్గర మిగిలింది పంపిద్దామంటారా?”

కారు మలుపు తిరిగిపోయినా సున్నం సారు భార్య మెడ వెనక్కే ఉంది.

మర్నాడు ఊరు చూపించడానికి ఒక గైడు వచ్చింది. చిన్నపిల్ల. గోళ్ల సందుల్లో రంగు. ఆ పిల్ల మాటలు ఇంగ్లీషులో సాగాయి, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: “ఈ వీధిలో గోడలు చూడ్డానికి దేశదేశాల నుంచి వస్తారండి. టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తారు.”

టిక్కెట్టు అన్న మాట వినగానే చైర్మన్ గారి కళాదృష్టి మేల్కొంది. “నేను నిన్ననే అనుకున్నాను,” అన్నారు, ఏడ్చే తిమింగలాన్ని మనసులో క్షమించి. “ఇందులో ఏదో ఉంది.”

సున్నం సారు మాత్రం వృత్తిరీత్యా ఒక సందేహం అడిగాడు. “అంటే, వీటిని చెరపరా?”

“కొన్నిటిని చెరుపుతాం. కొన్నిటికి పైన అద్దం బిగిస్తాం.”

“ఏది దేనికని ఎలా తెలుస్తుంది?”

“జనం ఆగి చూస్తే అద్దం. ఆగకపోతే సున్నం.”

జనం ఆగుతున్నారా లేదా అని సున్నం సారు తన ఉద్యోగంలో ఏనాడూ చూసి ఎరగడు. ఆగే వ్యవధి ఎవరికీ ఇచ్చి ఎరగడు.

ద్రావక ప్రదర్శన మధ్యాహ్నం ఒక పెద్ద హాలులో జరిగింది. కంపెనీవాడు పలక మీద ఏదో రాయడం, మందు చల్లడం, రాత మాయం కావడం, జనం చప్పట్లు కొట్టడం. చైర్మన్ గారు నిద్రలో కూడా చప్పట్లు కొట్టి ప్రతినిధి వర్గం పరువు నిలిపారు. భార్యలకు లోపలికి ప్రవేశం లేకపోవడంతో గైడు పిల్ల ఆవిడను ఊరు తిప్పడానికి తీసుకెళ్లింది. తిమింగలం వీధి వెనక ఒక సందు ఉంది. అక్కడ ఎవరైనా ఏమైనా వేసుకోవచ్చు. ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆ పిల్లకు తెలుగు అసలే రాదు. కానీ ఆవిడ ఆ గోడల్ని చూస్తున్న తీరుకు అనువాదం అక్కర్లేకపోయింది. ఆ పిల్ల సంచీలోంచి నల్లరంగు డబ్బా, కుంచె తీసి చేతిలో పెట్టింది.

ఆవిడ ముందు అటూ ఇటూ చూసింది. బకెట్టు ఎక్కడా కనబడలేదు. కొంగు నడుముకు దోపుకుంది.

ఆవిడ వేసింది ఒక మనిషిని. వీపు మనవైపు ఉంటుంది. ఇస్త్రీ నలగని చొక్కా, నడినెత్తి మీద బట్టతల, కాస్త ఎడమకు వాలిన భుజం, చేతిలో పొడుగాటి కుంచె. గోడకు సున్నం వేస్తుంటాడు. గోడ అంతా అయిపోయింది, అతని నీడ పడ్డ చోటు మాత్రం నల్లగా మిగిలింది. దాన్ని కూడా తెలుపు చేద్దామని మునివేళ్ల మీద లేచి మరీ రుద్దుతున్నాడు. కాలి దగ్గర బకెట్టు అంచున ఒక కాకి, ఈయన పని ఎప్పటికి తెములుతుందా అని చూస్తోంది.

దారిన పోయే రొట్టెల దుకాణాయన పిండిచేతులతోనే ఆగాడు. చూశాడు, నవ్వాడు, లోపలికెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. తపాలా బంట్రోతు సైకిలు దిగాడు. చూస్తుండగానే ఆ సందులో ఒక చిన్న గుంపు తయారైంది. గైడు పిల్ల చప్పట్లు కొట్టి, బొమ్మ అడుగున పేరు రాయమని సైగ చేసింది.

ఆవిడ గాభరాగా తల అడ్డంగా ఊపింది. “వద్దమ్మా! తెలిస్తే సున్నం కొడతారు.”

ఆ పిల్ల చివరి రెండు మాటలూ శ్రద్ధగా విని, అదే పేరనుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో తనకు చేతనైనట్టు బొమ్మ కింద రాసింది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు చైర్మన్ గారు గోడలన్నీ మళ్లీ చూస్తామన్నారు. ఈసారి వేరే గైడు వచ్చాడు. ఆ సందు దగ్గర గుంపు ఎక్కువగా ఉంది. ఇద్దరు పనివాళ్లు గోడకు కొలతలు తీస్తున్నారు, అద్దం బిగించడానికి.

“ఇది ఈ మధ్యే వెలసిన అద్భుతం,” అన్నాడు గైడు గొంతు తగ్గించి. “చిత్రకారుడు ఎవరో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం సునన్ కొదతార్. ఉత్తరాన మంచుదేశాలవాడని కొందరు, కాదు ఎడారి దేశాలవాడని కొందరు.”

“సునన్ కొదతార్!” అని చైర్మన్ గారు నోరారా పలికారు. “పేరులోనే ఎంత గాంభీర్యం ఉందో చూడండి. మన భాషలో ఇలాంటి పేర్లు పుట్టవు.”

సున్నం సారు ఆ బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఒక గోడను చూసి ఆయనకు బకెట్టు గుర్తుకు రాలేదు. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకోవాలనిపించింది. బొమ్మను చూస్తున్నట్టుండాలని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఫోటో తీసింది భార్య.

“కాస్త ఎడమకి జరగండి,” అంది. “ఆఁ, చాలు. ఇద్దరూ సరిగ్గా వచ్చారు.”

బసకు వచ్చాక కూడా ఆయన ఆ ధ్యాసలోనే ఉన్నాడు. “ఎంత గొప్పగా వేశాడే! బొమ్మలో మనిషిని చూస్తే నవ్వొస్తుంది. కాసేపయ్యాక జాలేస్తుంది. ఎందుకో నాకు చాలా కావలసినవాడిలా అనిపించాడు.”

“అది వేసింది నేనేనండీ,” అందావిడ చీర మడతపెడుతూ.

సున్నం సారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. పొద్దున్న ఫలహారాల దగ్గర చైర్మన్ గారికి చెప్పాడు. ఆయన హోదాకు తగ్గట్టు ఇంకా గట్టిగా నవ్వారు. “మీ ఆవిడకి హాస్యం ఎక్కువే! మా ఇంట్లో ఆ అదృష్టం లేదు,” అన్నారు. ఆవిడ కూడా నవ్వింది. ముగ్గురిలో ఎందుకు నవ్వుతున్నదీ తెలిసి నవ్వింది ఆవిడొక్కతే.

తిరిగి వచ్చాక చైర్మన్ గారికి పౌరసన్మానం జరిగింది. అందులో ఆయన చేసిన ప్రసంగం నుంచి కొంత భాగం: “సోదర సోదరీమణులారా! గోడ అంటే ఏమిటి? గోడ అంటే జాతి ముఖం. ఆ ముఖానికి మనం ఇన్నాళ్లూ సున్నం పూశాం. ఇక చాలు! పెరటి చెట్టు మందుకు పనికిరాదనే దురభిప్రాయం మనలో పోవాలి. అది పోవాలంటే ముందుగా ఒక మేలురకం విదేశీ చెట్టును తెచ్చి మన పెరట్లో నాటాలి!” చప్పట్లు మోగాయి. గోడల పరిశుభ్రతా విభాగాన్ని గోడల సౌందర్య విభాగంగా మార్చారు. బోర్డు మారింది. గదీ, బల్లా, సున్నం బస్తాలూ అవే.

సునన్ కొదతార్ ఎక్కడున్నా పిలిపించి, పురపాలక కార్యాలయం గోడ మీద బొమ్మ వేయించాలని నిర్ణయమైంది. ఆ నగర పాలకులను వాకబు చేస్తే, వారూ అతని కోసమే వెతుకుతున్నట్టు, దొరికితే తమకూ తెలపవలసిందిగా జవాబిచ్చారు. ఆ రోజు సున్నం సారు ఇంట్లో దిగులుగా కూర్చున్నాడు.

“నన్ను వెయ్యమంటారా?” అంది భార్య.

“వేళాకోళం కాదే. విదేశీ అనుభవం ఉన్నవాళ్లే అర్హులని నిబంధన పెట్టాం.”

“ఉందిగా, ఒక మధ్యాహ్నం.”

ఆయన వినిపించుకోలేదు. చివరకు ఆ నగరంలో తీసిన ఫోటోలోంచి సున్నం సారును కత్తిరించి, బొమ్మను మాత్రం పెద్దది చేయించి, ఫ్లెక్సీ కొట్టించి, గోడకు కట్టేద్దామన్నారు. ఫ్లెక్సీ అచ్చుకు వెళ్లేముందు చైర్మన్ గారు ఏకాంతంగా ఒక సూచన చేశారు. బొమ్మలో మనిషి నెత్తిన కాస్త జుట్టు పెడితే బాగుంటుందని. చిత్రకారుడు తనలాంటి నాయకుణ్ణి దృష్టిలో పెట్టుకునే వేసి ఉంటాడని ఆయన అనుమానం. ఫ్లెక్సీ కుర్రాడు జుట్టు పెట్టాడు గానీ, అది టోపీలా వచ్చింది.

ఆవిష్కరణకు ఊరంతా వచ్చింది. తాడు లాగారు, తెర జారింది. చప్పట్లకు చేతులు లేచేలోగా కూరగాయలమ్మే అవ్వ గొంతు ఖంగుమంది.

“ఓయమ్మో! మన సున్నం సారే! టోపీ ఎప్పటినుంచి పెడుతున్నాడు?”

ఆ మాటతో అందరి కళ్లూ తెరుచుకున్నాయి. ఆ భుజం ఆయనదే. ఆ నిలబడే తీరు ఆయనదే. అందరి ఇళ్ల గోడల ముందూ ఏదో ఒకనాడు అలాగే నిలబడ్డవాడు. ఈలోగా బడిపంతులు ఒకాయన బొమ్మ కింది పేరును కూడబలుక్కుని చదివాడు. “సునన్... కొదతార్. సున్నం... కొడతారు.” మళ్లీ చదివాడు. ఆయన వెనకనున్న వరసంతా చదివింది. పురపాలక కార్యాలయం ముందు అంత ఆరోగ్యకరమైన నవ్వు అంతకుముందెన్నడూ వినబడలేదు.

సున్నం సారు నవ్వలేదు. గుంపులో భార్య ఎక్కడుందా అని వెతికాడు. ఆవిడ ఫ్లెక్సీని చూడడం లేదు. ఆయన్నే చూస్తోంది, కొంచెం భయంగా.

ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

“నిజంగా నువ్వే వేశావా?”

“ఆ రోజే చెప్పాను కదండీ. మీరు నవ్వారు.”

“నేనలా ఉంటానా?”

“వెనకనుంచి అలాగే ఉంటారు. మీరెప్పుడూ గోడవైపే తిరిగి ఉంటారుగా, నాకు కనబడేది అదే.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పక్క గోడ ముందు నిలబడ్డాడు. ఎంత వెతికినా ఆ పాత కాకి జాడ దొరకలేదు. పని అంత శుభ్రంగా చేశాడు మరి.

“మంచి కాకే అది,” అన్నాడు మెల్లగా. “నాకు అప్పుడే అనిపించింది. అనకూడదనుకున్నాను.”

మర్నాడు ఆయన నిజాయితీగా ఒక పొరపాటు చేశాడు. చిత్రకారుడు దొరికాడని, ఆ వ్యక్తి తన భార్యేనని పురపాలక సంఘానికి విన్నవించాడు. సభలో గుసగుసలు రేగాయి. బొమ్మను మళ్లీ పరీక్షించడానికి ఒక నిపుణుల సంఘం ఏర్పడింది. ఫ్లెక్సీ కట్టేముందు మెచ్చుకున్న నిపుణులే, అదే బొమ్మ. ఇంతకుముందు ఆ గీతల్లో కనబడిన లోతు ఇప్పుడు గణనీయంగా తగ్గిందని వారు గుర్తించారు. కాకి కాళ్లు సరిగా లేవని ఒకాయన కనిపెట్టాడు. “ఇంట్లో ఆడవాళ్లు సరదాగా వేసుకునే బొమ్మకూ అంతర్జాతీయ కళకూ తేడా ఉంటుంది,” అని చైర్మన్ గారు సౌమ్యంగా సెలవిచ్చారు. ఆ తేడా ఏమిటని సున్నం సారు అడిగాడు. అది చూడగానే తెలిసిపోతుందని జవాబు వచ్చింది. ఫ్లెక్సీ దింపేశారు. ఎండకు మాడకుండా చైర్మన్ గారి కారు మీద కప్పారు. దాని వినియోగం ఆ విధంగా సార్థకమైంది.

ఆ సాయంత్రం సున్నం సారు ఇంటికి బకెట్టుతో వచ్చాడు. భార్య వంటింటి గోడవైపు చూసుకుంది. మూత తీస్తే లోపల నల్లరంగు. “ప్రహరీగోడ వీధివైపు ఖాళీగానే ఉంది,” అన్నాడు, ఎటో చూస్తూ.

అయితే రూలు రూలే. అనుమతి లేకుండా గోడ మీద బొమ్మ వేస్తున్నందుకు సంజాయిషీ కోరుతూ తన ఇంటి గోడకు తానే నోటీసు అంటించుకున్నాడు. ఆవిడ నోటీసు ఉన్నంత మేర వదిలేసి, చుట్టూ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. కూరగాయల అవ్వ, బడిపంతులు, వీధి మొత్తం ఆ గోడ మీదికి ఎక్కింది. జనం వస్తూ పోతూ ఉన్నారు గానీ ఎవరూ ఆగలేదు. తెలిసిన మొహాలు, తెలిసిన గోడ, తెలిసిన ఆవిడ. ఆగడానికి ఏముంది?

“ఎవరూ ఆగట్లేదండీ,” అంది ఆవిడ ఒకరోజు. “ఆ ఊరి లెక్కన దీనికి సున్నమే.”

“రోజూ ఒకడు ఆగుతున్నాడుగా,” అన్నాడు సున్నం సారు. నిజమే. ఆఫీసు నుంచి వస్తూ సంచీ చేత్తో పట్టుకుని, వీధిలోనే నిలబడి, ఆ వేళకు ఎంత అయిందో అంతా చూసి, అప్పుడే లోపలికి వస్తున్నాడు.

కొన్నాళ్లకు దారి తప్పిన విదేశీ యాత్రికులిద్దరు, వీపున సంచులతో, ఆ వీధిలోకి వచ్చారు. గోడ చూసి ఆగిపోయారు. ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. కెమెరాలు తీసి, వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఫోటోల మీద ఫోటోలు తీశారు. వార్త గుప్పుమంది. వీధి వీధంతా బయటికొచ్చింది. పక్క వీధులవాళ్లు పరుగున వచ్చారు. చైర్మన్ గారు కారు మీది ఫ్లెక్సీ తీయించుకుని వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది గానీ, రావడం మాత్రం వచ్చారు. ఎవరి చేతిలో చూసినా ఫోనే. అందరూ ఫోటోలు తీశారు, గోడను ఫోటో తీస్తున్న ఆ విదేశీయుల్ని.

మర్నాడు పత్రికలో మొదటి పేజీలోనే పడింది. నవ్వుతున్న యాత్రికులిద్దరు, వారి మధ్యన చైర్మన్ గారు. ‘మన గోడలకు ప్రపంచ గుర్తింపు’ అని శీర్షిక. గోడ మాత్రం ఫోటోలో పడలేదు. ఆ పత్రిక మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. ఫోటో బాగా వచ్చిందని మీరూ అనుకునే ఉంటారు.